పడె, పండె

మా కోడలు ప్రియ ల్యాప్‌టాప్ మొన్న కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుంది. ఎవరూ ఎక్కించమనలేదు, దానంతట అదే ఎక్కించుకుంది. అప్పటినుంచి రోజుకు రెండు మూడుసార్లు పడిపోతోంది. కరీంనగర్‌లో మా ఇంటి పైగదిలో కూర్చుని పదో తరగతి పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పే ప్రియ, లెక్క సగంలో ఉండగా తెర నల్లబడితే దాన్ని తిట్టే తిట్లు కింద వంటింట్లో ఉన్న నాకు బాగానే వినబడతాయి. నన్ను కాదులే అని రెండుసార్లు ఊరుకుని, మూడోసారి మెట్లెక్కి పోయి, రోజూ పని అయిపోయాక దీన్ని ఎట్లా బంద్ చేస్తావమ్మా అని అడిగాను. మూత వేస్తాను అత్తమ్మా, అంది. పప్పుగిన్నె మీద మూత వేసినంత తేలిగ్గా అంది. నేను ఒకప్పుడు కంప్యూటర్ గదిలో ఉద్యోగం చేశానని ఆమెకు తెలుసు గానీ, ఆ కాలంలో కంప్యూటర్లు ఉండేవన్న మాటను నా మీది గౌరవంతో ఒప్పుకుంటుందే తప్ప మనసులో నమ్మదు. అందుకే నా ప్రశ్నకు నవ్వింది. నేనూ నవ్వాను. కానీ మెట్లు దిగుతూ సగంలో ఆగిపోయాను. ఆ ప్రశ్న నేను అడగవలసింది ఆమెను కాదు, ఇప్పుడు కాదు. ఎప్పుడో అడగవలసిన మనిషిని అడగకపోయినందుకు జరిగినదంతా ఆ రోజు మళ్ళీ కళ్ళముందుకు వచ్చింది.

మాది లక్సెట్టిపేట. అక్కడినుంచి బస్సులో ముప్పావు గంట పోతే ఒక నూలు మిల్లు ఉండేది. ఆ మిల్లులో రెండు బీరువాలంత పొడుగు వెడల్పు ఉన్న ఒక మినీ కంప్యూటర్ ఉండేది. మినీ అన్న మాట దానికి ఎవరు పెట్టారో గానీ, దాన్ని గదిలోకి తేవడానికి తలుపు చౌకట్టు పీకవలసి వచ్చిందట. ఏ మరకు ఏ విడిభాగం కావాలి, స్టోర్‌లో అది ఎన్ని ఉన్నాయి, ఏ షిఫ్టుకు ఎవరు వచ్చారు అన్నవి అది గుర్తుపెట్టుకునేది. ఇప్పుడు నా చేతిలో ఉన్న ఫోను ఆ పని తుమ్మేలోపల చేస్తుంది. కానీ ఆ గదిలోకి పోవాలంటే చెప్పులు బయట విడవాలి, కాళ్ళు తుడుచుకోవాలి, తలలో పూలుంటే తీసి కిటికీ మీద పెట్టాలి. మిల్లు మొత్తానికీ దుమ్ము లేని గది అదొక్కటే. మేనేజరు గదిలో కూడా ఫ్యాను తిరిగితే టేబుల్ మీద పత్తి నూగు లేచేది. మా గదిలో చల్లగా, వేడెక్కిన రబ్బరు వాసనా కొత్త కాగితం వాసనా కలిసి ఉండేవి. నాకు ఇప్పటికీ ఎక్కడైనా ఏసీ గదిలో అడుగుపెడితే చెప్పులు విడవబుద్ధవుతుంది. బ్యాంకులో ఒకసారి విడిచాను కూడా, మా అబ్బాయి చూసి సిగ్గుపడ్డాడు.

ఆ గదిలో పనిచేసేది ఇద్దరం. ఒకరు నేను, డిగ్రీ చదివి, హైదరాబాద్‌లో ఆరు నెలల కోర్సు చేసి, లోకంలో ఇంగ్లీషు పుస్తకాలన్నీ నాకోసమే అచ్చేశారనుకునే మనిషిని. రెండోవారు యాకూబ్ చిచ్చా. ఆయనా లక్సెట్టిపేట మనిషే. మా బాపు మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు, తెల్లారి అందరినీ చాప మీద కూర్చోబెట్టి ప్రార్థన చేసేవాడు. మొదట ఇంటివాళ్ళ కోసం, తర్వాత వాడకట్టు కోసం, ఆ తర్వాత ఆసుపత్రిలో పడకల వరుసన ఒక్కొక్క రోగి కోసం. ఆయన కళ్ళు మూసుకుని ఎనిమిదో పడక దగ్గర ఉండగా నేను ఒక కన్ను తెరిచి గడియారం చూసేదాన్ని. మా అవ్వ రెండు కళ్ళూ తెరిచి పొయ్యి మీది పాలు చూసేది. ఆమెన్ అనేసరికి బస్సు టైము దాటిపోయేది. అయినా నాకు బస్సు ఎన్నడూ తప్పలేదు, ఎందుకంటే యాకూబ్ చిచ్చా ఒక కాలు బస్సు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టి, కండక్టరుతో ఏదో పాత సంగతి మాట్లాడుతూ నిలబడేవాడు. నేను ఉరుక్కుంటూ వచ్చేసరికి, మీ బాపు ఇయ్యాల ఎన్నో మంచం కాడికి వచ్చిండు బిడ్డా అని అడిగేవాడు.

చిచ్చా అంతకుముందు చాలా ఏళ్ళు పత్తి ఖాతాలో పనిచేశాడు. మిల్లులో ఒక్కొక్క విభాగాన్ని ఖాతా అనేవాళ్ళు. బేళ్ళు విప్పి పత్తిని దులిపే చోటు పత్తి ఖాతా. అక్కడ ఎదుటి మనిషి కనుబొమ్మలు తెల్లగా కనబడేవి. ఆ నూగు చిచ్చా ఛాతీలోకి పోయింది. మెట్లెక్కితే ఆగి ఆగి ఊపిరి తీసుకునేవాడు, చలికాలం రాత్రుళ్ళు గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడట. డాక్టరు చీటీ రాస్తే, మేనేజరు దయతలచి కంప్యూటర్ గదికి మార్చాడు. ఏసీ చూసుకోవడం, కాగితం ఎక్కించడం, మిషిన్ ఎప్పుడు ఆగిందో లేచిందో రిజిస్టర్‌లో రాయడం ఆయన పని. ఆ గదికి వచ్చాక ఆయన దగ్గు సగానికి తగ్గింది. మిగతా మాకందరికీ అది కంప్యూటర్ గది, చిచ్చాకు మాత్రం అది ఊపిరి తీసుకునే చోటు. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలియదని ఎప్పుడూ చెప్పుకోలేను.

ఒకరోజు హైదరాబాద్ నుంచి ఒక పెట్టె వచ్చింది. అందులో నాలుగు టేపు చక్రాలు, ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం. మిషిన్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్ పాతబడిందని, కొత్తది ఎక్కించమని. నేనే ఎక్కించాను. రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ నేను నేల మీద నడవలేదు. పాతదానికంటే కొత్తది చాలా చురుకు. ఆ చురుకుకు కారణం పుస్తకంలోనే ఉంది. పాత సాఫ్ట్‌వేర్ చెప్పిన ప్రతి మాటనూ అప్పటికప్పుడు డిస్కు మీద రాసుకునేది. కొత్తది సోమరి గుమాస్తాలాగా అన్నీ బుర్రలో పెట్టుకుని, తీరిక దొరికినప్పుడు రాసుకునేది. అందుకని దాన్ని బంద్ చేసేముందు ఒక మాట టైపు చేయాలి, అది బుర్రలో ఉన్నదంతా రాసుకుని సరే అన్నాకే మిషిన్ తాళంచెవి తిప్పాలి. చెప్పకుండా తిప్పితే రాయనిది పోతుంది, రాసింది కూడా చిక్కుపడుతుంది. మేనేజరు నన్ను పిలిచి, ఇదంతా యాకూబ్‌కు తెలుగులో చెప్పి, కాగితం మీద రాసి గోడకు అంటించమన్నాడు. అట్లాగే సార్ అన్నాను. సాయంత్రం మిషిన్ బంద్ చేసేది నేనే కదా, తొందరేముంది అనుకున్నాను. పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి, బీరువా తాళంచెవి నా సంచిలో వేసుకున్నాను. అసలు సంగతి ఏమిటంటే, ఆ గదిలో ఆ పుస్తకం చదవగలిగింది నేనొక్కదాన్నే అన్న సంతోషాన్ని ఒక కాగితం రాసి గోడకు అంటించి పంచిపెట్టడం నాకు ఇష్టం లేదు.

వారం తిరగకముందే మిషిన్ పడిపోవడం మొదలైంది. ఒకనాడు సాయంత్రం నాలుగింటికి, ఒకనాడు పొద్దున పదింటికి, మధ్యలో రెండు రోజులు బాగుండి మళ్ళీ ఒకే రోజు రెండుసార్లు. తెర మీద అక్షరాలు కొయ్యబారిపోయేవి, ముందున్న ఎర్రదీపాలు ఎట్లా ఉన్నవి అట్లా ఆగిపోయేవి. స్టోర్ నుంచి మనిషి వచ్చి, మా బేరింగులు ఉన్నవా లేవా అని అడిగితే, మిషిన్ లేచినంక చెప్తామనేవాళ్ళం. మొదట కరెంటును అనుమానించాం. తర్వాత ఏసీని. తర్వాత ఎలుకలను, బోను పెడితే మూడు రోజులకు మేనేజరు చెప్పులోకి దూరిన తేలు దొరికింది గానీ ఎలుక దొరకలేదు. నేను మెమరీ పలకలు ఒక్కొక్కటే ఊడదీసి, చీర కొంగు తగలకుండా బొడ్లో దోపుకుని, గుడ్డతో తుడిచి పెట్టాను. చిచ్చా ఒకరోజు నిమ్మకాయ తెచ్చి గుమ్మానికి కట్టబోతే, ఇది సైన్సు చిచ్చా అని నేను ఆపాను. అయితే గా సైన్సుకే జర చెప్పు బిడ్డా పడకుమని, అన్నాడు.

చివరికి మిషిన్ అమ్మిన కంపెనీవాళ్ళు శేషగిరి అనే ఇంజనీరును పంపారు. గుంటూరు వైపు మనిషి, ఇస్త్రీ మడత నలగని మనిషి. మా మిల్లు క్యాంటీన్‌లో పప్పు చూసి, ఇందులో పప్పు ఎక్కడుందండీ అని మర్యాదగా అడిగిన మనిషి. మొదటిసారి వచ్చి అన్నీ విప్పి బిగించి పోయాడు. రెండోసారి వచ్చినప్పుడు చిచ్చా రాసిన రిజిస్టర్ తెమ్మన్నాడు. చిచ్చా రాత పొట్టిగా ఉండేది. 4-10 పడె, 4-50 లేచె. 1-00 పండె, 2-15 లేచె. శేషగిరిగారు పేజీలు తిప్పుతూ నవ్వు ఆపుకోలేకపోయారు. జేబులోంచి ఎర్ర పెన్సిల్ తీసి, తప్పులున్న చోటల్లా సున్నాలు కొట్టేస్తూ పోయారు.

"చూశారా అమ్మాయిగారూ, పడె అని రాయడానికి కూడా మధ్యలో ఒక సున్నా పెట్టాడు. మీ వైపు దేనికైనా ఒక సున్నా ఎక్కువే లెండి."

నేనూ నవ్వాను. చిచ్చా తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయనా నవ్వాడు, ఎందుకో తెలియకుండానే. శేషగిరిగారు లెక్కబెట్టి, రోజూ సరిగ్గా ఒంటిగంటకు మిషిన్ పడుతోందనీ, ఆ టైములో మిల్లులో ఏదో పెద్ద మోటారు ఆగుతుండవచ్చుననీ తేల్చి, కరెంటు ఎగుడుదిగుడులు ఆపే ఒక డబ్బా తెప్పించి పెట్టించి పోయారు. మిషిన్ మళ్ళీ మరునాడే పడింది. మూడోసారి ఆయన రాసిన ఉత్తరంలో, ఈ మిషిన్‌కు వయసు మీరింది, దీన్ని హైదరాబాద్ ఆఫీసుకు పంపించి ఈ గది మూసేయడం మంచిది అని ఉంది. సోమవారం వస్తున్నాను, మేనేజరుగారితో మాట్లాడతాను అని కూడా ఉంది.

గది మూస్తే నన్ను ఇంటికి పంపుతారు, ఇంకా పర్మినెంటు కాలేదు కనుక. చిచ్చాను ఎక్కడికి పంపుతారో అందరికీ తెలుసు. ఆ సోమవారం పొద్దున బస్సులో మేమిద్దరం పక్కపక్క సీట్లలో కూర్చున్నాం. నా ఒళ్ళో రిజిస్టర్ ఉంది, ఇంకేమైనా కనబడుతుందేమోనని శనివారం ఇంటికి తీసుకుపోయాను. ఎర్ర గీతల కింద సున్నాలు ఇంకా కనబడుతూనే ఉన్నాయి. ఒంటిగంట దగ్గర ఉన్న పడెలకే సున్నా ఉంది, వేరే టైములో ఉన్న ఒక్కదానికీ లేదు. తప్పు రాసే మనిషి అంత వరుసగా తప్పు రాయడు. ఇదేంది చిచ్చా, ఒంటిగంటకు పండె అని రాసినవు అని అడిగాను. ఆయన వింతగా చూశాడు.

"పండె అంటె పండుకున్నది. నేనే పండవెట్టిన. పొద్దటి సంది గుయ్యిమని ఉరుకుతనే ఉంటది, దానికి జర ఆరాం వద్దా? పత్తి ఖాతాల గూడ పగటి బువ్వకు మిషిన్లు బంద్ వెట్టి సల్లారనిస్తుంటిమి."

నేను ఒంటిగంటకు డబ్బా పట్టుకుని, నూలు చుట్టే వైండింగ్ ఖాతా ఆడవాళ్ళ దగ్గరికి పోయేదాన్ని. చింతకాయ తొక్కు పంచుకుని, ఎవరి అత్త ఏమన్నదో విని, రెండుంబావు దాటాక తిరిగి వచ్చేదాన్ని. అంతవరకూ గదిలో చిచ్చా ఒక్కడే. నేను చేరకముందు నుంచీ రోజూ తాళంచెవి తిప్పి మిషిన్‌ను పండబెట్టి, తాను తిని, నమాజు చేసుకుని, దాన్ని లేపుతున్నాడు. పాత సాఫ్ట్‌వేర్‌కు దానివల్ల ఏమీ కాలేదు. కొత్తది బుర్రలో పెట్టుకున్నవి మధ్యాహ్నం నిద్రలో మర్చిపోయేది, ఆ పోయినదాంతో ఎప్పుడు పనిబడితే అప్పుడు, ఆ సాయంత్రమో రెండు రోజులకో, దిమ్మెక్కి పడిపోయేది. పండిన పూటకీ పడిన పూటకీ ఉన్న చుట్టరికాన్ని శేషగిరిగారి ఎర్ర పెన్సిల్ కొట్టేసింది. ఇవన్నీ చిచ్చాకు చెప్పాను. నాకు చెప్పమన్నారు, నేను చెప్పలేదు చిచ్చా, తప్పు నాదే, ఇవాళ మేనేజరుకు అదే చెప్తాను అని కూడా అన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, రోగం దొరికింది గదా, ఫికర్ జెయ్యకు అన్నాడు.

మేనేజరు గదిలో, చిచ్చా గుమ్మం దగ్గర నిలబడి ఉండగా, శేషగిరిగారికి సున్నాల సంగతి చెప్పాను. ఆయన రిజిస్టర్ తీసుకుని రెండు పేజీలు చూసేసరికి ముఖం ఎర్రబడింది. మంచి మనిషి, తన తప్పు ఒప్పుకున్నాడు. మిషిన్‌లో ఏ దోషమూ లేదండీ, రోజూ మధ్యాహ్నం చెప్పకుండా ఆపేస్తున్నారు, అంతే, దీన్ని ఎక్కడికీ పంపక్కర్లేదు అన్నాడు. నా గుండె తేలికపడింది. అప్పుడు మేనేజరు నావైపు తిరిగాడు. యాకూబ్‌కు చెప్పమన్నాను కదా, చెప్పావా లేదా అని అడిగాడు. బస్సులో అంత సులువుగా వచ్చిన మాట అక్కడ నోట్లోంచి రాలేదు. మా బాపు ప్రతి ఆదివారం గుడిలో, మా బిడ్డకు మిల్లుల నౌకరీ పక్కా కావాలె ప్రభువా అని అందరి ముందూ ప్రార్థన చేస్తున్నాడు. నా కాలి బొటనవేలు చూసుకుంటూ నిలబడ్డాను. అంతలో గుమ్మం దగ్గరినుంచి చిచ్చా అందుకున్నాడు.

"చెప్పింది సాబ్. మంచిగ సమజయ్యేటట్టు చెప్పింది. కాయిదం రాసి గోడకు అంటిస్తనన్నది, యాదికుంటది తియ్యి అని నేనే వద్దన్న. మర్సిపోయిన."

మేనేజరు నన్ను మళ్ళీ అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో నాకు ఇప్పటికీ తెలియదు. అడగకపోయినా చెప్పవచ్చు, నోరు ఉన్నది కదా. చెప్పలేదు. మరునాటి నుంచి యాకూబ్ చిచ్చా పత్తి ఖాతాకు పోయాడు. మిషిన్ ఆ తర్వాత ఒక్కసారి కూడా పడలేదు. అమ్మాయి అయినా గట్టిది, రోగం పట్టుకున్నది అని అందరూ మెచ్చుకున్నారు. ఆ నెలలోనే నన్ను పర్మినెంటు చేశారు. మా బాపు కోతకాల పండుగకు గుడిలో రెండు గుమ్మడికాయలు ఇచ్చి, లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడు. నేను తలవంచుకుంటే, వినయం అనుకున్నారు.

చిచ్చా ఆ తర్వాత కూడా బస్సును ఆపుతూనే ఉన్నాడు. ఎన్నో మంచం అని అడుగుతూనే ఉన్నాడు, కాకపోతే మాట మధ్యలో దగ్గు వచ్చేది. వానాకాలం తిరిగివచ్చేసరికి నడిచి బస్సు దాకా రాలేకపోయాడు. పని మానేసి, ఇంటిముందు గదిలో ఫ్యాన్లు, రేడియోలు బాగుచేస్తూ కూర్చున్నాడు. నేను ఆదివారాలు గుడి నుంచి నేరుగా వాళ్ళింటికి పోయేదాన్ని. ఆయన భార్య జైనబీ చాచీ పొయ్యిముందు కూర్చుని జొన్నరొట్టె చేతుల మీదనే తిప్పేది, ఖట్టా పులుసు మరిగితే కరివేపాకు వాసన గల్లీ చివరిదాకా వచ్చేది. చిచ్చా చేతిలో స్క్రూడ్రైవరుతో, ఈ ఫ్యాను గూడ పండుకుంట అంటున్నది బిడ్డా అని నవ్వేవాడు. ఆ ఒక్క మాట తప్ప అన్నీ మాట్లాడుకున్నాం. నాకు పెళ్ళయింది, మిల్లు మూతబడింది, మేము కరీంనగర్ వచ్చేశాం. అయినా ఏడాదికి మూడు నాలుగుసార్లు పోతూనే ఉన్నాను. రంజాన్‌కు చాచీ పంపే సేమియా డబ్బా నేను ఖాళీగా తిప్పి పంపింది లేదు. ఇవ్వవలసింది ఒకటుంటే, దానికి బదులు అరిసెలు పెట్టి పంపుతుండేదాన్ని.

ఇప్పుడు దేనికీ ఎవరూ కారణం కాదు. ఎక్కడికి పోయినా సర్వర్ డౌన్ అంటారు, అది ఎక్కడుందో, ఎవరు పడేశారో అడిగేవాళ్ళు లేరు, రేపు రండి అంటే రేపు పోతాం. మా ప్రియ ల్యాప్‌టాప్‌కు ఆ సాఫ్ట్‌వేర్ పంపిన మనిషికి మా కరీంనగర్ ఉందని కూడా తెలిసి ఉండదు. ఒక్కోసారి ఇదే నయం అనిపిస్తుంది. ఆ రోజుల్లో మిషిన్ పడితే ఒక మనిషి కావలసి వచ్చేది, ఆ మనిషికి ఒక ఛాతీ ఉండేది, ఇల్లు ఉండేది. ఇంకోసారి ఇది దొంగ నయం అనిపిస్తుంది. ఎవరి తప్పూ కాని చోట తప్పు మీద వేసుకునే పెద్దమనిషి కూడా ఉండడు.

యాకూబ్ చిచ్చా మొన్న చలికాలంలో పోయాడు. నలభై రోజులు అయ్యాక నేను ఒక్కదాన్నే లక్సెట్టిపేట పోయాను. పరామర్శకు వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. చాచీ చాప మీద కూర్చుని ఉంది, నేను ఆమె ముందు కూర్చున్నాను. ఇంక ఆ మాట చెప్పడానికి ఆయన లేడు, కనుక ధైర్యం వచ్చింది. నా ధైర్యం ఎప్పుడూ అంతే, పని అయిపోయాక వస్తుంది. చాచీ, ఆ దినం చిచ్చా మేనేజర్ తోని అబద్ధం చెప్పిండు, నేను ఆయనకు ఏమీ చెప్పలే, నా వల్లనే పత్తి ఖాతాకు పోయిండు అని ఒక్క ఊపిరిలో అన్నాను. చాచీ నా ముఖం చూసింది. ఆమె ముఖంలో కోపం కోసం వెతికాను. లేదు.

"నాకెర్కనే బిడ్డా. ఇంట్ల ఏ డబ్బల ఏమున్నదో నాకన్న ఎక్కువ యాదికుంటుండె ఆయనకు, మర్సే మనిషేనా? అప్పుడే నిన్ను అడుగుదమని లేసిన. ఆయనే వద్దన్నడు. అడిగితె సిగ్గువడి ఆ పిల్ల మన ఇంటికి వచ్చుడు బంద్ జేస్తది అన్నడు."

నేను ఆ చాప మీద ఒంగిపోయి ఏడ్చాను. ఇన్నేళ్ళూ నేను వాళ్ళను చూడడానికి పోతున్నాననే అనుకున్నాను. నన్ను పోగొట్టుకోకుండా ఉండడానికి ఆ ఇద్దరూ ఒక మాటను గొంతులోనే పెట్టుకుని, నాకు ప్రతిసారీ రొట్టె పెట్టి పంపారు. చాచీ నా వీపు మీద చెయ్యి వేసింది. తర్వాత మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లగా లేచి, పొయ్యి అంటించడానికి లోపలికి పోయింది.